డల్సీ మడిచిన గొడుగు

మా చెల్లెలు డల్సీ పోయిన ఫిబ్రవరిలో చనిపోయింది. ఆమె గది సర్దడానికి ఏప్రిల్ దాకా నాకు కాళ్లు రాలేదు. చివరికి వెళ్లి బీరువా తలుపు తీస్తే దుప్పట్లన్నీ ఉండలుగా జారి నా పాదాల మీద పడ్డాయి. ఒక్కటీ మడత పెట్టి లేదు. దిండు గలీబులు, తువ్వాళ్లు, చేతిరుమాళ్లు కూడా నలిపి కుక్కినవే.

తెలియనివాళ్లు చూస్తే ఎంత బద్ధకపు మనిషో అనుకుంటారు. కానీ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల డల్సీలా గుడ్డ మడిచే మనిషి లేదు. ఇరవై మూడేళ్ల వయసులో మానేసింది, మళ్లీ ముట్టలేదు. ఎందుకు మానేసిందో తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనూ, ఇంకో ఇద్దరూ. నేను పదమూడేళ్లకే బడి మానినదాన్ని. ఉత్తరాలు తప్ప ఏదీ రాసి ఎరగను. తప్పులుంటే ఉంటాయి.

మా అమ్మ పోయేనాటికి నాకు పదహారు, డల్సీకి ఎనిమిది, తమ్ముడు లెస్లీకి నాలుగు. నాన్న బీట్ దుంపల పొలాల్లో కూలికి పోయేవాడు. ఇల్లు నా మీద పడింది. సోమవారం బట్టలరోజు. రాగి కాగులో దుప్పట్లు ఉడకబెట్టి, పిండి, తీగ మీద వేసి, ఆరాక నేనో కొస, డల్సీ ఓ కొస పట్టుకుని మడిచేవాళ్లం. పదేళ్లొచ్చేసరికి ఆమెకు నా అవసరం లేకపోయింది. ఒక మూల గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ చాచి, ఒక్క విదిలింపుతో దుప్పటిని పుస్తకమంత చేసేసేది. లింకన్‌షైర్ గాలి ఎలాంటిదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ గాలిలో కూడా ఆమె చేతిలో గుడ్డ చెప్పినట్టు వినేది.

యుద్ధం మొదలయ్యాక, నలభై ఒకటిలో ఎయిర్‌ఫోర్స్‌లో ఆడవాళ్ల దళంలో చేరతానంది. అప్పటికి నాన్న లేడు. నాకు పెళ్లయింది, మా ఆయన వాల్టర్ సైన్యంలోకి పోయాడు. డల్సీ, లెస్లీ నా దగ్గరే ఉండేవాళ్లు. పోస్టాఫీసు నడిపే మిసెస్ బ్లాంచర్డ్ నోరు ఊరుకుంటుందా?

"యూనిఫాం వేసుకుని మగాళ్ల మధ్య తిరగాలని సరదాగా ఉందేమో మీ డల్సీకి" అంది మా ఇద్దరి ముందే.

"నీకూ సరదాగా ఉంటే చెప్పు మిసెస్ బ్లాంచర్డ్, నీ కొలత యూనిఫాం కూడా ఉందేమో అడుగుతాను. లేకపోతే ఒక టెంటు అడుగుతాను" అంది డల్సీ.

శిక్షణ అయ్యాక మా ఇంటికి మూడు మైళ్ల దూరంలో ఉన్న విమానాల మైదానానికే వేశారు. పారాచూట్లు మడిచే పని. వాళ్లంతా దాన్ని గొడుగనేవాళ్లు. వారానికో రోజు సెలవు దొరికితే సైకిల్ మీద వచ్చి నా వంటగదిలో కూర్చుని ఆ ముచ్చట్లే చెప్పేది. చర్చి గోపురమంత ఎత్తు గది ఉంటుందట, అందులో పట్టు గొడుగుల్ని తేమ పోవడానికి వేలాడదీస్తారట. తర్వాత పొడుగాటి బల్ల మీద పరిచి, మడత మడత లెక్క చూసుకుంటూ పేర్చి, తాళ్లు మెలిపడకుండా సంచిలో కూర్చాలి. ఒక్క మెలిక పడితే మనిషి రాయిలా పోతాడు. మడిచినమ్మాయి సంచి జేబులో ఉండే చిన్న కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఒట్టుతో సమానం. ఆ మడత నాది, దానికి పూచీ నాది అని.

"మా సార్జెంట్ ఒకటే మాట చెబుతుంది నోరా" అంటూ నా టేబుల్ గుడ్డ తీసి మడిచి చూపించేది. "ఇది నీ అన్నో తమ్ముడో కట్టుకుని దూకుతాడు అనుకుని మడువు అంటుంది."

జర్మనీ మీద బాంబులు వేయడానికి విమానాలు బయల్దేరే సాయంత్రాల్లో గొడుగులు ఇచ్చేది కూడా ఈ మడిచే అమ్మాయిలే. కిటికీ దగ్గర కుర్రాళ్లు వరస కట్టేవాళ్లు.

"ఇది తెరుచుకోకపోతే ఏం చెయ్యాలమ్మాయ్?"

"వెనక్కి తీసుకురా, మార్చి వేరేది ఇస్తాను."

రోజూ అదే అడగడం, అదే జవాబు. అయినా రోజూ నవ్వేవాళ్లట. నవ్వకుండా వెళితే మంచిది కాదని వాళ్ల నమ్మకం. అలాంటివి వాళ్లకు చాలా ఉండేవి. ఒకడు కుందేలు కాలు లేకుండా ఎక్కడు. ఒకడు ఎడమ బూటు ముందు వేసుకోడు. మరి వాళ్లలో సగం మంది తిరిగొచ్చేవాళ్లు కారు. చచ్చిపోయాడు అనే మాట ఎవరూ అనరు. వాడికి వేటు పడింది అంటారు, అంతే. ఆ మంచం మీదికి ఇంకొకడొస్తాడు.

ఆ చలికాలంలో డల్సీ ఐవర్ అనే వేల్స్ కుర్రాడితో తిరిగింది. క్రిస్మస్‌కు ముందు వాడికి వేటు పడింది. వేసవిలో డెన్నిస్ అనే గన్నర్. వాడికీ అంతే. ఆ తర్వాత ఒకడు డాన్సులో ఆమెతో రెండు పాటలకు ఆడాడు, అంతకుమించి ఏమీ లేదు. మర్నాడు వాడి విమానం తిరిగి రాలేదు. దాంతో పేరు పడిపోయింది. వేటు పిల్ల.

ఆ మైదానంలో ఆ పేరు పడితే ఇక అంతే. డాన్సులో ఆమె పక్క కుర్చీలు రెండు వైపులా ఖాళీ. భోజనాల వరసలో ఆమె వెనక ఎవరూ నిలబడరు. తర్వాత కిటికీ దగ్గర కుర్రాళ్లు కార్డులు తీసి చదవడం మొదలుపెట్టారు. డి. మాల్ట్‌బీ అని డల్సీ సంతకం ఉంటే సంచి బల్ల మీద పెట్టి, వేరేది ఇవ్వు అనేవాళ్లు. ఆమె మొహం చూసి కాదు, పక్కనున్న ఓలివ్ మొహం చూసి.

ఓలివ్ పాస్క్ గ్రిమ్స్‌బీ చేపల రేవు పిల్ల. డల్సీకి ఒకే బల్ల దగ్గర జోడీ. చేతులు రాళ్లలా ఉన్నా మనసు వెన్న. "వాళ్లకు భయం డల్సీ, తిట్టుకోకు" అనేదట. డల్సీ తిట్టుకోలేదు. ఏడవనూ లేదు. నా దగ్గరికొచ్చి చేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకునేది.

నలభై మూడు జనవరిలో మా లెస్లీ అదే మైదానానికి వచ్చి పడ్డాడు. పంతొమ్మిదేళ్లు. విమానంలో వైర్‌లెస్ పని. ముప్పైసార్లు వెళ్లొస్తే ఆర్నెల్లు నేలమీద ఉండనిస్తారు. నా వంటగది తలుపు వెనక సుద్దముక్కతో ముప్పై గీతలు గీశాను. వాడు వెళ్లొచ్చినప్పుడల్లా ఒకటి తుడుస్తూ వచ్చాను.

ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కుందేలు మాంసాన్ని పిండిలో పొదిగి కాల్చి పై చేశాను. ఆ పూట లెస్లీ తన విమానం వాణ్ని ఒకణ్ని భోజనానికి తీసుకొచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి, కానీ టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు, ముసలాడిలా.

"నోరీ, వీడు హ్యూబర్ట్ గెల్డర్. ఆకాశంలో మాకు దారి చూపించేవాడు. సొంతూరు లీడ్స్‌లో మాత్రం ట్రామెక్కి తప్పిపోతాడు."

"ఒక్కసారే తప్పిపోయాను మిసెస్ డౌస్. అదీ వీడి మాట విన్నందుకు" అన్నాడు గెల్డర్. "ఈ పైలో కుందేలు ఎక్కడిది? ఇంత బాగుంది."

"దొరగారి పొలంలోది. అడక్కుండా తిను" అన్నాడు లెస్లీ.

అప్పుడు బయట సైకిల్ బ్రేకు కీచుమంది. నేను కిటికీలోంచి చూసి, "డల్సీ వచ్చింది" అన్నాను.

గెల్డర్ చేతిలో కత్తి ఆగింది. "డల్సీ ఎవరు?"

"మా అక్క" అన్నాడు లెస్లీ, ప్లేటులోకి చూస్తూ.

"గొడుగుల గదిలో మాల్ట్‌బీయా? నీ అక్కా? ఇంటిపేరు కలిసిందంతే అన్నావు కదరా! మూణ్నెల్లుగా పక్క కుర్చీలో కూర్చుంటున్నాను, నిజం ఒక్కసారైనా చెప్పలేదేంరా?"

"చెబితే నా పక్కన కూర్చుంటావా?"

గెల్డర్ లేచి టోపీ తీసుకున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. "క్షమించండి మిసెస్ డౌస్. పై చాలా బాగుంది. నేను... క్షమించండి" అంటూ వెనక తలుపు తీసుకుని కోళ్లగూడు పక్కనించి పోయాడు. చెడ్డ మనిషి కాడు. భయం మనిషిని అలా చేస్తుంది.

డల్సీ లోపలికొచ్చి సగం తిన్న ప్లేటు చూసింది. "ఇదెవరిది?"

"హ్యూబర్ట్‌ది. కడుపునొప్పి వచ్చిందట" అన్నాడు లెస్లీ.

"నేనొస్తే అందరికీ కడుపునొప్పే" అంటూ ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ ప్లేటులో మిగిలిందే తినడం మొదలుపెట్టింది. రేషన్ రోజులు, తిండి పారేయడం ఎవరికీ తెలియదు. లెస్లీ నవ్వించాలని ఏవేవో చెప్పాడు. ఆమె నవ్వింది కూడా.

వాళ్లు వెళ్లాక ఆ ప్లేటు నేను రెండుసార్లు కడిగాను. ఎందుకు కడిగానో అప్పుడు ఆలోచించలేదు.

తర్వాతి సోమవారం డల్సీకి సెలవు. పెరట్లో దుప్పట్లు దించుతున్నాం. ఆమె ఒక కొస, నేనొక కొస.

"లెస్లీ గొడుగు నంబరు నలభై ఒకటి" అంది. "నెలకోసారి విప్పి మళ్లీ మడవాలి. ఈ శుక్రవారం మా బల్ల మీదికొస్తుంది. అది నేను మడవాలి నోరా."

"మడవచ్చు కదా."

"గెల్డర్ తమ విమానంలో ఏడుగురి కార్డులూ చదువుతాడు. నా పేరు కనిపిస్తే గొడవ చేస్తాడు, లెస్లీ సర్లే అని వేరేది తీసుకుంటాడు. నువ్వు చెబితే వాడు గట్టిగా నిలబడతాడు. నువ్వే కదా పెంచావు. చెప్పవా?"

"మిగతా అమ్మాయిలకు మడవడం రాదా ఏం?"

"వచ్చు. బాగానే మడుస్తారు. కానీ నేను మడిచింది ఒక్కటే నాకు తెలుసు. మిగతావి తెరుచుకోవాలని నేను దేవుణ్ని అడుక్కోవాలి. నాది అడుక్కోనక్కర్లేదు."

నేను దుప్పటి అంచు సర్దుతూ తల దించుకున్నాను. దుప్పటి మధ్యలో గాలికి ఉబ్బింది. ఆమె నావైపు చూసింది.

"నువ్వు కూడానా?"

"అలా అని కాదే..."

"మరెలా?"

"ఇంకా ఎనిమిదిసార్లే కదా. అవి అయ్యేదాకా వాడి వస్తువు ముట్టుకోకు. దూరంగా ఉండు. ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు?"

ఆమె మడతకు తగ్గట్టు నా దగ్గరికి నడిచొచ్చి, తన చేతిలోని రెండు మూలలూ నా చేతిలో పెట్టింది. వేళ్లు తగిలాయి. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అయ్యో, తగిలాయి. వెళ్లి కడుక్కో" అని సైకిల్ ఎక్కి పోయింది.

పదకొండు రోజుల తర్వాత, తలుపు మీద ఇంకా అయిదు గీతలు ఉండగా, పొద్దున పదింటికి మిసెస్ బ్లాంచర్డ్ తనే టెలిగ్రాం పట్టుకుని వచ్చింది.  నా చేతిలో పెట్టి ఏప్రన్‌తో మొహం కప్పుకుంది. లెస్లీ విమానం తిరిగి రాలేదు, ఏ సంగతీ తెలియదు అని ఉంది.

శనివారం ఓలివ్ నడుచుకుంటూ వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని చేతులు నలుపుకుంది.

"డల్సీ చెప్పొద్దంది మిసెస్ డౌస్. కానీ మీకు కొంచెం ధైర్యంగా ఉంటుందని వచ్చాను. లెస్లీ గొడుగు తనే మడిచింది. సంతకం నాది. తను ఒప్పుకోలేదు, తప్పుడు సంతకం అని రెండు రోజులు ఏడిచింది. నేనే అన్నాను, నా పేరుకేం పోతుంది, పెట్టనీ అని. కాబట్టి వాడు దూకి ఉంటే అది తెరుచుకుంటుంది. అది నాకు తెలుసు. మీరు నమ్మండి."

ఆ పిల్ల నాకు ధైర్యం తెచ్చింది. నేను దాన్ని విషంలా మింగాను. కోటు వేసుకుని మూడు మైళ్లు నడిచి గేటు దగ్గరికెళ్లి డల్సీని పిలిపించాను. వర్షం పడుతోంది. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. లెస్లీ కబురేమైనా తెచ్చాననుకుంది. ఆ ఆశ ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది.

"ముట్టుకోవద్దన్నాను కదే నీకు. చెప్పి చెప్పి ముట్టుకోవద్దన్నాను" అన్నాను.

కాపలా ఉన్నవాడు మొహం తిప్పుకున్నాడు. డల్సీ తన చేతుల్ని చూసుకుని, మెల్లగా వెనక పెట్టుకుంది, చిన్నప్పుడు బడిలో దెబ్బలు పడ్డాక చేసేది అలాగే. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

సోమవారం బల్ల ముందు నిలబడితే ఆమె చేతులు మడవలేదట. పట్టు ముందు పరిచి ఉంది, ఏం చెయ్యాలో తెలుసు, చేతులు కదల్లేదు. మూడు రోజులు చూశారు. తర్వాత వంటశాలలో బంగాళాదుంపలు చెక్కే పనికి మార్చారు. యుద్ధం అయ్యేదాకా అదే పని. వేటు పిల్ల తమ్ముణ్ని కూడా తినేసింది అని అక్కడ అనేవాళ్లట. నేనేం తక్కువ అన్నాను?

శరదృతువులో ఇంకో కాగితం వచ్చింది, లెస్లీ చనిపోయాడనుకోవాలని.

నలభై అయిదు జూన్‌లో ఒక మధ్యాహ్నం ముందు తలుపు ఎవరో తట్టారు. మా వైపు ముందు తలుపు పెళ్లికీ, శవానికీ, పాదిరీగారికీ తప్ప తియ్యరు. చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. రెండు చేతుల్తో గుంజితే వచ్చింది. ఎదురుగా సన్నగా వెదురుకర్రలా ఒకడు.

"గెల్డర్‌ని మిసెస్ డౌస్. ఆ రోజు వెనక తలుపులోంచి పారిపోయాను. ఈసారి సరిగ్గా రావాలని."

జర్మనీలో ఖైదీల శిబిరంలో రెండేళ్లు ఉన్నాడట. వంటగదిలో కూర్చోబెట్టాను. డల్సీ తొట్టి దగ్గర మాకు వీపు పెట్టి బఠాణీలు ఒలుస్తోంది. ఆమె దళం నుంచి విడుదలై వచ్చి వారమైంది. ఆమెను చూసి అతను ఒక్క క్షణం ఆగాడు. కానీ ఈసారి లేవలేదు.

"ఉత్తరంలో రాయలేకపోయాను. శిబిరంవాళ్లు చదువుతారు కదా" అని మొదలుపెట్టాడు. "మంటలు నా వైపు వచ్చాయి. నా గొడుగు కాలిపోయింది. లెస్లీ నా పక్కనే. తన గొడుగు తీసి నా ఛాతీకి తగిలించాడు. నేను వద్దని కొట్టాను కూడా. వెనక ఇంకోటి ఎక్స్‌ట్రా ఉందిలే, తెచ్చుకుంటాను, నువ్వు ముందు ఫో, మళ్లీ దారి తప్పకు అన్నాడు. కాలితో తన్ని బయటికి తోసేశాడు. వెనక అలాంటిదేం ఉండదు మిసెస్ డౌస్. నాకు తెలుసు. వాడికీ తెలుసు."

గదిలో బఠాణీలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగింది.

గెల్డర్ జేబులోంచి నలిగి మెత్తబడిన కార్డు తీశాడు. "రెండేళ్లు బూటులో దాచాను. ఓ. పాస్క్ అని ఉంది. ఈ అమ్మాయి ఎక్కడుందో తెలిస్తే చెప్పండి. ఒక్కసారి ఆమె చెయ్యి పట్టుకోవాలి."

 చెప్పకపోతే చచ్చిపోతాననిపించింది. చెబితే డల్సీ ఏమైపోతుందో అనిపించింది.

"అది ఓలివ్ మడవలేదు. సంతకమే ఆమెది" అన్నాను. "మడిచింది మా డల్సీ."

అతను ఆమె వీపు వైపు తిరిగాడు.  ముందు మాట్లాడింది డల్సీయే, ఇటు తిరక్కుండా.

"వెంటనే తెరుచుకుందా?"

"ఆ. లాగగానే."

"తాళ్లు మెలిపడలేదా?"

"లేదు. ఒక్కటి కూడా."

"తగిలించినప్పుడు రెండు కొక్కేలూ పెట్టాడా?"

"రెండూ పెట్టాడు. లాగి చూశాడు కూడా."

"నేను నేర్పిందే" అంది డల్సీ.

గెల్డర్ లేచి వెళ్లి ఆమె పక్కన చెయ్యి చాచి నిలబడ్డాడు. డల్సీ తన తడి చేతుల్ని ఏప్రన్‌కు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది, కానీ ఇవ్వలేదు. చివరికి అతను కార్డు కిటికీ గట్టు మీద పెట్టి ముందు తలుపులోంచే వెళ్లిపోయాడు. ఏడ్చాడనుకుంటాను. నేను సాగనంపలేదు.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. గేటు దగ్గర అన్నది తప్పు, నీ చేతుల్లో ఏ దోషమూ లేదు అని. నోటిదాకా వచ్చింది. ఆమె కిటికీలోంచి కోళ్లగూడు వైపు చూస్తూ, "అది తెరుచుకుంది నోరా. వాడికే అందలేదు" అంది. ఆ గొంతు విన్నాక నాకు నోరు రాలేదు. ఆ రాత్రికి చెబుదామనుకున్నాను, తర్వాత ఆదివారం చెబుదామనుకున్నాను. వాల్టర్ తిరిగొచ్చాడు, బతికాడు, పోయాడు. డల్సీ పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే కప్పు కింద ఉన్నాం. టీ ఇచ్చుకున్నాం, జ్వరాలకు కూర్చున్నాం, ఆ మాట మాత్రం నేను చెప్పలేదు. సోమవారాలు నేను దుప్పటి ఒక కొస పట్టుకుని నిలబడితే ఆమె లోపలికి వెళ్లిపోయేది. తన దుప్పట్లు తనే తీసుకెళ్లి ఉండ చుట్టి కుక్కుకునేది.

జనవరిలో మంచాన పడ్డాక ఒకసారి అనబోయాను. "డల్సీ, ఆ గేటు దగ్గర..." అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందో, వద్దందో తెలియలేదు. మళ్లీ ఎత్తలేదు ఆ మాట.

ఇప్పుడు ఆ దుప్పట్లన్నీ ఉతికి ఆరేశాను. మడిచి ఎవరికైనా ఇచ్చేద్దామని. ఓలివ్‌కు ఉత్తరం రాశాను, వస్తానంది, ఎప్పుడో తెలియదు. ఇద్దరు లేనిదే దుప్పటి మడవడం నాకు చేతకాదు. ఆమె చేసినట్టే ఒక మూల గడ్డం కింద నొక్కిపెట్టుకుని, రెండు చేతులూ చాచి చూశాను. అరగంట నుంచీ చూస్తున్నాను. మూల జారిపోతోంది. మళ్లీ పెట్టుకుంటున్నాను, మళ్లీ జారిపోతోంది.